విడాకులైతే క్లినిక్ ఎవరిది?

హిందూపురంలో ఒక క్లినిక్ ఉందనుకుందాం. భర్త లోపల రోగుల్ని చూస్తాడు. భార్య బయట ఓపీ చీటీలు రాస్తుంది, లెక్కలు చూస్తుంది, మందుల స్టాకు తెప్పిస్తుంది. బోర్డు మీద ఆయన పేరొక్కటే. విడాకులైతే అందులో ఆమెకు సగం వస్తుందా?

రాదండీ. కాలిఫోర్నియాలో అయితే, పెళ్లయ్యాక పెంచుకున్న ప్రాక్టీసుకు వెలకట్టి పంచుతారు. దానికున్న మంచిపేరుకూ వెల కడతారు. మన దగ్గర, గోవా లాంటి చోట్లను పక్కన పెడితే, అలాంటి చట్టం లేదు. ఏళ్ల తరబడి చాకిరీ చేసిన మనిషికి ఇది అన్యాయమే.

అలాగని ఆమె వట్టి చేతులతో వెళ్లనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగొచ్చు. క్లినిక్‌లో వాటా రాకపోయినా, క్లినిక్ రాబడిని కూడా చూసి భరణం తేలుస్తారు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో చూపాలని 2020లో రజ్నేశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్లినిక్ కోసం ఆమె నగలు అమ్మారా? అది స్త్రీధనం, తిరిగి అడగొచ్చు. అమ్మిన రసీదు మాత్రం పారేయకండి.

క్లినిక్ కాకుండా ధర్మవరంలో పట్టుచీరల కొట్టయితే భార్యాభర్తలు ముందే భాగస్వామ్య పత్రం రాసుకోవచ్చు. పెనుకొండలో లాయరుగారి ఆఫీసయితే కుదరదు. లాయరు కానివారితో ఫీజు పంచుకోకూడదు.

ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, న్యాయ సహాయం ఉచితం. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టే ముందే 15100కి ఫోన్ చేయండి.