క్లచ్ జారుతోందా, విడవడం లేదా?

1983లో రోడ్డెక్కి, 2014లో ఉత్పత్తి ఆగిన మారుతి 800 మీ ఇంట్లో ఉందా? దాని క్లచ్‌ను నడిపేది ఒక ఉక్కు కేబుల్. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ వేగం పెరిగి, బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. పెడల్ పూర్తిగా నొక్కినా రివర్స్ గేరు గరగరమంటే క్లచ్ విడవడం లేదన్నమాట.

ముందుగా ఇంజన్ ఆపి, పెడల్‌ను చేత్తో నొక్కండి. బరువు తగిలేలోపు అది కొద్దిగా వదులుగా కదలాలి. ఆ వదులు లేకపోతే క్లచ్ జారుతుంది, ఎక్కువైతే విడవదు. కేబుల్ చివరి నట్టును తిప్పి, మాన్యువల్‌లోని కొలతకు సరిచేయండి. తీగపోగులు తెగి ఉంటే కేబులే మార్చాలి. కొలత సరిగా ఉన్నా జారుతుంటే ప్లేటు అరిగి ఉండవచ్చు, లేదా దానికి నూనె అంటి ఉండవచ్చు. అది మెకానిక్ పని. పాత ప్లేట్ల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, నోటితో ఊదకండి. కారణం తేలకముందే ప్లేటు మార్చడం డబ్బు దండగ.