కిటికీ అద్దాలు – ఒక స్వయం ఉపాధి

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు ఈ వేదికపై ప్రసంగించిన పూర్వ విద్యార్థులలో ఒకరు వైద్యులు, ఒకరు న్యాయవాది, ఒకరు బ్యాంకు అధికారి. నేను కిటికీ అద్దాలు తుడిచేవాడిని. ఉత్సవ సంఘం వారు నాకిచ్చిన శీర్షిక 'స్వయం ఉపాధి'. ఆ మాట గౌరవప్రదమైనదే గాని చాలా విశాలమైనది. అంత విస్తీర్ణంలో తిరిగే శక్తి నాకు లేదు. కావున నాకు తెలిసిన ఒక్క పనిని గురించి, దానిని ఎట్లా ప్రారంభించవచ్చునో, ఎక్కడ ఆగవలసి ఉంటుందో మాత్రమే మనవి చేస్తాను.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి మద్రాసు నగర పారిశుద్ధ్యపు పనికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. మా తాత, మా నాయన ఇద్దరూ కార్పొరేషన్ చీపురు పట్టినవారే. ఈ సభలో ఉన్న పెద్దలలో పలువురికి ఆ చరిత్రను నేను విప్పి చెప్పనవసరం లేదు. 2009లో నేను నౌకరీ మాని, సొంతంగా అద్దాలు తుడిచే పని పెట్టుకుంటానని చెప్పినప్పుడు మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవనాడు, "మీ నాయన ఊరంతా ఊడ్చింది, నువ్వు మళ్ళీ గుడ్డ పట్టుకోవడానికా అబ్బయా?" అని అడిగింది. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. శుభ్రపరచడం నీచమైన పని కాదు. అయితే ఫలానా ఇంట పుట్టినవాడే అది చేయవలెనని, ఇచ్చినంత పుచ్చుకొని, దిగమన్న చోటికి దిగవలెనని ఇతరులు నిర్ణయించడం నీచం. పని వెల నేను చెప్పగలిగి, వేళ నేను నిర్ణయించగలిగి, "ఇది చేయను" అనగలిగినప్పుడు అది వేరే వృత్తి అవుతుంది. ఆ మూడింటిలో కష్టమైనది చివరిదే. దానిని గురించి తరువాత చెబుతాను.

అంతకుముందు ఏడేళ్ళు ఒక కార్యాలయ భవనంలో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు కింద పని చేశాను. 2000లో తరమణిలో టైడెల్ పార్కు వచ్చిన తరువాత పాత మహాబలిపురం రోడ్డు పొడవునా అద్దాల భవనాలు లేచిన కాలమది. చేతికి వైపర్ అలవాటైనది అక్కడనే. జీతంలో కోతలకు కారణాలు చెప్పేవారు కారు. అంతకు మించి ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

పనిముట్లకు నాకు మొదట అయినది రెండు వేల రూపాయల లోపే. రెండు గ్లాస్ వైపర్లు, సబ్బు నీరు పూయడానికి మెత్తని తొడుగు ఉన్న కర్ర, ఒక బకెట్టు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, గాడులలోని మట్టి తీయడానికి ఒక పాత పెయింటు బ్రష్షు. నిచ్చెన అద్దెకు తెచ్చుకున్నాను. ఈ వైపర్ గురించి ఒక ముచ్చట. ఇప్పుడు మనం వాడే తేలికపాటి ఇత్తడి వైపర్ నమూనాకు 1936లో అమెరికాలో పేటెంటు తీసుకున్న ఎటోరే స్టెకోనే ఇటలీ నుంచి వలస వెళ్ళినవాడు, స్వయంగా కిటికీలు తుడిచినవాడు. అంతకుముందున్నది బరువైన ఇనుప సాధనం. దాని రబ్బరు మార్చవలెనంటే పన్నెండు మరలు విప్పవలసి వచ్చేదట. రోజంతా దానిని మోసిన చెయ్యి గనుకనే అందులోని లోపం కనిపెట్టగలిగింది.

పని విధానం చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు గాని చేతికి రావడానికి పడుతుంది. బకెట్టు నీటిలో గిన్నెలు తోమే సబ్బు కొన్ని చుక్కలు చాలు; నురుగు ఎక్కువైతే చారలు మిగులుతాయి. ముందుగా అద్దం మీది దుమ్మును పుష్కలంగా తడిపి కరిగించాలి. పొడి గుడ్డతో రుద్దితే ఇసుక రేణువు అద్దాన్ని గీస్తుంది. ఆ పైన పై అంచున వేలెడు మందం పొడిగా తుడిచి, అక్కడ వైపర్ ఆనించి, ప్రతి లాగులోనూ వెనుకటి లాగును కొంచెం కలుపుకుంటూ కిందికి రావాలి. లాగిన ప్రతిసారీ రబ్బరు అంచును గుడ్డతో తుడవాలి. ఆ అంచు చిట్లితే తిప్పి వేసుకోవాలి, రెండవ వైపు కూడా చిట్లితే పారవేయాలి. ఎండ తగిలే అద్దాన్ని ఎండ వేళ తుడవకూడదు. వైపర్ చేరేలోపే సబ్బు నీరు ఎండిపోతుంది. తూర్పు కిటికీలు సాయంత్రం, పడమటి కిటికీలు ఉదయం.

ఇక మన నగరపు నీరు. ఎనిమిదవ తరగతిలో సైన్సు మాస్టారు కఠిన జలం, మృదు జలం పాఠం చెప్పినప్పుడు తాత్కాలిక కాఠిన్యత, శాశ్వత కాఠిన్యత అని వల్లె వేశాము. బైకార్బొనేట్ల వలన ఒకటి, క్లోరైడ్లు, సల్ఫేట్ల వలన మరొకటి. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అది. నా వృత్తిలో అది రోజువారీ ప్రశ్న. బోరు నీటితో కడిగి ఆరనిస్తే అద్దంపై తెల్లని పొర మిగులుతుంది. అది మురికి కాదు, కాల్షియం. ఎంత రుద్దినా సబ్బుకు పోదు, వినెగరుకు లొంగుతుంది. ఈ సంగతి తెలియనివారు అద్దం పాతబడిందని మార్చివేయడం నేను చూశాను. పాఠాన్ని తెలుగులో చదువుకున్నందువలన నాకు నష్టమేమీ కలుగలేదు. కాల్షియం ఏ భాషలో చదివినవాడి అద్దంపైనైనా ఒకే విధంగా అంటుకుంటుంది.

బెసంట్ నగర్, తిరువాన్మియూరు తీరపు ఇళ్ళకు ఉప్పుగాలి బెడద. భోగి మంటల మరునాడు ఉత్తర చెన్నైలో అద్దం మీద మసి జిడ్డుగా పేరుకుంటుంది. దానికి వేడినీరు కావాలి. కొత్త ఇళ్ళలో సిమెంటు చిందులు ఉంటాయి. సిమెంటుకు క్షార గుణం ఉన్నందువలన తడితో ఎక్కువ కాలం నిలిస్తే అద్దాన్నే తినివేస్తుంది. అటువంటి పనికి ఒప్పుకునే ముందు యజమానిని పక్కన నిలబెట్టి, ముందే ఉన్న గీతలను, మచ్చలను చూపించి, నోటుపుస్తకంలో రాసి సంతకం తీసుకోవడం నా నియమం.

వాడుక అన్న మాట మీకందరికీ తెలుసు. పాలవాడికి వాడుక ఇళ్ళుంటాయి. అద్దాలవాడికి కూడా ఆ వాడుకే ఆధారం. పెద్ద భవనం ఒకటి దొరికితే చాలునని కొత్తవారు ఆశపడతారు. ఆ ఒక్కటీ పోయిన రోజున అంతా పోతుంది. నేను ఒకే వీధిలో దుకాణాలతో ప్రారంభించాను. మందుల షాపు, బేకరీ, బట్టల కొట్టు – వారానికొకసారి, తెరవక ముందు, పావుగంట పని. ఆ దుకాణాలవారు తమ ఇళ్ళకు పిలిచారు, ఇళ్ళకు రెండు నెలలకొకసారి. చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్ళడమే ప్రచారం. కార్డు తమిళంలో అచ్చు వేయించవలసి వచ్చినప్పుడు మాత్రం నేను ఇంకొకరి చేత రాయించుకున్నాను. మా కాలంలో మాకు తమిళం చెవికి వచ్చునే గాని చేతికి రాదు. 2006 నాటి చట్టం వలన మీరు తమిళం కూడా చదువుతున్నారు. తెలుగు తగ్గిపోతుందన్న పెద్దల బెంగలో నిజం లేకపోలేదు. అయినా బతుకుతెరువుకు రెండు లిపులు ఉండడం మంచిదేనని నా అభిప్రాయం.

వెల పలకకు ఇంత అని చెప్పాలి, గంటకు ఇంత అని కాదు. గంట లెక్క చెబితే చేతివాటం పెరిగిన కొద్దీ మన ఆదాయం తగ్గుతుంది. మూడు పలకల కిటికీకి మొదట నాకు పావుగంట పట్టేది, ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది నిమిషాలకు వచ్చింది. ఆ మిగిలిన కాలం నాది. నెలకు ఇల్లు గడవడానికి ఎంత కావాలో రాసి, రబ్బరు, పెట్రోలు, నిచ్చెన ఖర్చు కలిపి, చేతికి నిజంగా డబ్బు వచ్చే గంటలతో భాగించండి. రోజంతా తిరిగినా అటువంటి గంటలు అయిదుకు మించవు. మిగిలినది ప్రయాణం, ఎదురుచూపు, బేరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. దీపావళి, పొంగల్ ముందు వారాలను మినహాయిస్తే ఆ కాలంలో నా పని సగానికి పడిపోతుంది. వేసవిలో సంపాదించినది వేసవిలోనే ఖర్చు చేయరాదు.

ఇప్పుడు "చేయను" అనే మాట దగ్గరకు వస్తాను. మన నగరంలో కిటికీల పైన సన్‌షేడ్ అని ఒక సన్నని పలక ఉంటుంది కదా. అది వానను, ఎండను ఆపడానికి కట్టినది, మనిషి నిలబడడానికి కాదు. మూడవ అంతస్తులో ఒక గృహిణి నన్ను ఆ సన్‌షేడ్ మీదికి దిగి, పక్క కిటికీని బయటి నుంచి తుడవమన్నారు. "వీలు కాదమ్మా, లోపలి నుంచి పలకలు ఊడదీసి కడిగి పెడతాను, కొంచెం సమయం పడుతుంది" అన్నాను. "ఇంతకుముందు వచ్చిన అబ్బాయి దిగి చేశాడే, నీకెందుకు భయం?" అన్నారు. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు; నాకు మజ్జిగ ఇచ్చిన మనిషి. నేను దిగలేదు. ఆ ఇల్లు పోయింది, ఆమె మాట మీద అదే భవనంలో మరి మూడు ఇళ్ళు పోయాయి. అవి మళ్ళీ రాలేదు. ఆ నెల మా పెద్దవాడి ఫీజు ఆలస్యమైంది. ఈ సంగతిని నేను గొప్పకు చెప్పడం లేదు. కాంట్రాక్టరు కింద ఉన్నవాడిని ఆపడానికి మేస్త్రీ అయినా ఉండవచ్చు, సొంతంగా చేసేవాడిని దిగమనేవారే గాని వద్దనేవారు ఉండరు. ఆ మాట అతడే అనుకోవాలి, ఆ నష్టం అతడే భరించాలి. వెల కట్టేటప్పుడే ఆ నష్టాన్ని కూడా అందులో కలుపుకోవాలి.

నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒకడుగు చొప్పున గోడకు ఎడంగా నిలబడాలి. తడి టైల్సు మీద కింద ఒకరు పట్టుకోకుండా ఎక్కకండి. తాళ్ళ మీద వేలాడి ఎత్తైన భవనాలు తుడవడం వేరే విద్య. దానికి శిక్షణ కావాలి. పని తాడు ఒకటి, అది తెగితే కాపాడే తాడు ఇంకొకటి, వేరు వేరు ఆధారాలకు కట్టి ఉండాలి. బెల్టు మీద ఐ.ఎస్. 3521 అన్న గుర్తు ఉండాలి. ఒకే తాడు, ఒక చెక్క పలక ఇచ్చి ఎక్కమన్నవారికి, ఎంత ఇస్తామన్నా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మొండి మరకలకు సీసాపై పేరు లేని ఆమ్లాన్ని అమ్మేవారున్నారు. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉండవచ్చు. గాజునే కరిగించే ఆమ్లం అది, అందుకే దానిని గాజు సీసాలో ఉంచరు. చర్మం మీద పడినప్పుడు ఒక్కొక్కసారి వెంటనే మంట కూడా తెలియదు. లోపలికి దిగి ఒంటిలోని కాల్షియాన్ని పట్టి ప్రాణం మీదికి తెస్తుంది. పోని మరకను పోదని చెప్పి డబ్బు తగ్గించుకోవడమే మేలు.

పదిహేనేళ్ళకు పైబడిన ఈ పనిలో మూడు గడ్డు కాలాలు చూశాను. 2015 డిసెంబరు వరదల తరువాత కింది అంతస్తుల అద్దాలన్నీ బురద. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు అడుగంటి, తాగునీటికే లారీల వెంట పరుగెత్తిన రోజులలో అద్దాలకు నీళ్ళెవరిస్తారు? నేను ఇంటి నుంచి ఒక క్యాను నీరు తీసుకువెళ్ళి, దానితోనే రెండు ఇళ్ళు ముగించేవాడిని. 2020 మార్చిలో తాళాలు పడినప్పుడు మాత్రం ఏ ఉపాయమూ పని చేయలేదు. నెలల తరబడి బయటి మనిషిని ఎవరూ గడప తొక్కనివ్వలేదు. అప్పుడు మూడు వాడుక ఇళ్ళవారు తుడవని అద్దాలకు డబ్బు పంపించారు. నోటుపుస్తకంలో ముందస్తుగా రాసుకుని తరువాత తీర్చుకున్నాను.

కాగితాల సంగతి క్లుప్తంగా. 2020 జూలై నుంచి ఉద్యమ్ నమోదు ఉన్నది. ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది, దళారులకు డబ్బివ్వకండి. 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు విభాగం కింద యాభై వేల రూపాయల వరకు రుణం పొందవచ్చు. ప్రారంభానికి అంత అవసరం లేదు. సొంత నిచ్చెనకు, పాత మోపెడ్‌కు ఉపయోగపడుతుంది. సేవల ఆదాయం ఏడాదికి ఇరవై లక్షలు దాటనంత వరకు జి.ఎస్.టి. బెడద సాధారణంగా ఉండదు. ఆ బెడద మీకు కలగాలని ఆశీర్వదిస్తున్నాను.

మా అమ్మ ఇప్పుడు మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. ఆమె ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఆమెకు పూర్తిగా నచ్చలేదని నాకు తెలుసు. మనవడు డాక్టరు కావాలని ఆమె కోరిక. దానికి నేను అడ్డు చెప్పను.

పన్నెండవ తరగతి ముగించి, పద్దెనిమిదేళ్ళు నిండి, ఏ దారీ తోచక ఉన్నవారు ఎవరైనా ఉంటే, వచ్చే నెల నుంచి ఆదివారాలు ఉదయం ఆరు గంటలకు ఈ పాఠశాల గేటు దగ్గరకు రండి. ప్రధానోపాధ్యాయులవారు ఈ భవనపు కిటికీలను అభ్యాసానికి ఇస్తామని దయతో అంగీకరించారు. పాడైపోయినా విచారం లేని బట్టలు, జారని అడుగున్న బూట్లు వేసుకు రావాలి. మొదటి నెల అంతా నేల మీదనే, నిచ్చెన ముట్టనివ్వను. సెలవు.