చివర వచ్చిన గంజి

 

యోహాను సువార్త 6వ అధ్యాయము మీకందరికీ తెలిసినదే. ఐదు రొట్టెలు, రెండు చిన్న చేపలతో ప్రభువు ఐదువేలమంది పురుషులకు కడుపునిండా పెట్టిన సంగతి అందులో ఉంది. ఆ అద్భుతమును గూర్చి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే దాని చివర ఉన్న ఒక చిన్న మాటను నేను చాలాకాలం దాటిపోయాను. నాకు దాన్ని గుర్తుచేసింది జపాను దేశంలో తిన్న ఒక మధ్యాహ్న భోజనం.

కొంతకాలం క్రితం టోక్యో నగరంలో ఉద్యోగాలు చేసికొంటున్న కొన్ని తెలుగు కుటుంబాలవారు ప్రార్థన కూడికకు నన్ను పిలిచారు. వారిలో ఒక తమ్ముడు, "అయ్యగారూ, ఈ పూట బిర్యానీ కోసం వెతకవద్దు, ఇక్కడివారి భోజనం తిందాం" అని ఒక పాత సోబా భోజనశాలకు తీసికొనిపోయాడు. ఆ నగరంలో ఇలాంటివి తరతరాలుగా నడుస్తున్నాయి. కందా అనే పేటలో 1880లో మొదలైన ఒకటి 2013లో అగ్నిప్రమాదంలో దెబ్బతిని, 2014లో మళ్లీ తెరుచుకుంది. మేము వెళ్లినది అంత పేరున్నది కాదు. చెప్పులు విడిచి, చాపలు పరచిన గదిలో కూర్చున్నాం. ముందుగా చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇచ్చారు.

సోబా అంటే సన్నని సేమ్యాల వంటిది. అయితే అది గోధుమ కాదు, వరి కాదు. మన ఉత్తరాదివారు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండి ఉన్నదే, ఆ గింజే. మూడు పలకల గింజ. చలి ప్రదేశాల్లో, సారం తక్కువైన నేలలో కూడా పెరిగి, రెండున్నర మూడు నెలల్లో చేతికి వస్తుంది. ఆ పిండికి జిగురు తక్కువ గనుక చాలాచోట్ల ఎనిమిది పాళ్ల సోబాకు రెండు పాళ్ల గోధుమ పిండి కలిపి, పలుచగా వత్తి, కత్తితో సన్నగా కోస్తారు. కొద్దిసేపు ఉడికించి, చన్నీళ్లలో కడిగి, వెదురు తట్టమీద పెట్టి తెస్తారు. డిసెంబరు 31 రాత్రి మనం వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్లినట్టే, ఆ రాత్రి అక్కడ ఎన్నో ఇండ్లలో పాత సంవత్సరాన్ని సాగనంపుతూ సోబా తింటారు.

మా ముందు తట్ట పెట్టారు. ప్రక్కన చిన్న గిన్నెలో నల్లని పులుసు, తరిగిన ఉల్లికాడలు, ముక్కు అదిరిపోయే వసాబి ముద్ద. పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో, సోయా రసంతో కాచిన పులుసు అది. నాలుగు పోగులు పుల్లలతో ఎత్తి, అందులో ముంచి, చప్పుడు వచ్చేలా జుర్రుకొని తినాలి. చప్పుడైనా ఎవరూ తప్పు పట్టరు. మన ఇంట్లో చారు జుర్రుకున్నట్టే అనుకొని నేనూ ధైర్యం చేశాను.

తట్ట ఖాళీ అయింది. ఇక లేద్దామనుకొంటుండగా వడ్డించే అమ్మ ఒక ఎర్రని లక్క పూత పాత్రను రెండు చేతులతో పట్టుకొని తెచ్చి మా మధ్య పెట్టింది. వంచి చూస్తే తెల్లగా, వేడిగా ఉన్న నీళ్లు. "అయ్యగారూ, ఇది సోబా ఉడికించిన నీళ్లు. మిగిలిన పులుసులో పోసుకొని త్రాగాలి" అన్నాడు తమ్ముడు. ఉడికేటప్పుడు గింజలోని మాంసకృత్తులు, బి విటమిన్లు కొంత నీళ్లలో కరిగిపోతాయట. దానిని పారబోయకుండా చివర తెచ్చి ఇస్తారు.

ప్రియులారా, ఒక గుటక త్రాగగానే నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. అది గంజే! మా అమ్మ అన్నం వార్చి, ఆ గంజిలో ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకొని త్రాగేది. అన్నం మాకు, గంజి తనకు. బడిలో ఎవరైనా "పొద్దున ఏమి తిన్నావు" అని అడిగితే గంజి పేరు చెప్పడానికి నాకు సిగ్గు. తరువాత ఇంటికి కుక్కరు వచ్చింది, గంజి పోయింది. నేను సిగ్గుపడినదాన్ని ఇక్కడ లక్క పాత్రలో పోసి, రెండు చేతులతో తెచ్చి పెడుతున్నారు.

ఆ పాత్ర ముందు కూర్చొని ఉండగానే దేవుడు నా తప్పు నాకు చూపించాడు.

మా సంఘములో ముప్పై ఏళ్లకు పైగా బైబిలు స్త్రీగా సేవచేసిన ఒక తల్లి ఉన్నారు. ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగినవారు. ఇప్పుడు చూపు తగ్గింది, గొంతు వణుకుతుంది. బుధవారం స్త్రీల కూడికను చదువుకున్న ఒక చెల్లెలికి అప్పగించాలని కమిటీవారు అన్నారు, నేను సరేనన్నాను. ఎవరి మనస్సులోనూ చెడు లేదు. కాని ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఎవరమూ వెళ్లలేదు. ఆ బుధవారం ఆమె ఎప్పటిలాగే ముందుగా వచ్చి, మైకు మరొకరి చేతిలో ఉండటం చూసి, మెల్లగా లేచి వెనుక చెప్పుల దగ్గర కూర్చున్నారు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

ఊరు తిరిగి వచ్చాక ఆమె ఇంటికి వెళ్లాను. "జపాను వెళ్లారంట గదా అయ్యగారూ, ఏమి పెట్టారు?" అని అడిగారు. గంజి సంగతి చెప్పాను. "గంజి కోసం విమానం ఎక్కి వెళ్లారా!" అని కండ్ల నీళ్లు వచ్చేలా నవ్వారు. అప్పుడు నేను, "అమ్మా, మేము మిమ్మల్ని నొప్పించాము, క్షమించండి" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "మైకు నాకెందుకయ్యా? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ అమ్మాయి చేతికి నేనే ఇచ్చేదాన్ని గదా" అన్నారు. ఆ మాట ఈనాటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

తరువాత ఆమె మా సంఘములోని ఇండ్లను ఒక్కొక్కటిగా చెప్పసాగారు. ఎవరి కుమారుడు ఇంటికి రావడం మానేశాడో, ఏ కోడలు రాత్రుళ్లు ఏడుస్తున్నదో, ఎవరు అప్పుల్లో ఉన్నారో. నా రిజిస్టరులో పేర్లున్నాయి. ఆ పేర్ల బాధలు ఆమె ప్రార్థనలో ఉన్నాయి. అన్నేండ్లు ఇండ్లలో తిరిగిన ఆ తల్లిలో సంఘపు సారమంతా కరిగి ఉంది. మేము దానిని పారబోయబోయాము.

ఇప్పుడు ఆ సువార్త భాగానికి తిరిగి రండి. అందరూ తిన్న తరువాత, ఏదీ వ్యర్థం కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించాడు. పన్నెండు గంపలు నిండాయి. ఐదు రొట్టెలను అంతమందికి సరిపెట్టినవానికి ముక్కలతో అవసరమేమిటి? మళ్లీ చేయగలడు గదా! అయినా ఆయన దృష్టిలో మిగిలినది చెత్త కాదు.

ఒక సంగతి గమనించండి. సోబా నీళ్లను అక్కడివారు జాలిపడి త్రాగరు. అందులో రుచి ఉంది, సారం ఉంది గనుక త్రాగుతారు. పెద్దలకు మనం జాలితో ఒక కుర్చీ వేసి, శాలువా కప్పి, అంతటితో అయిపోయిందనుకొంటాం. వారికి కావలసినది అది కాదు. వారిలో ఉన్నది మనకు కావాలి.

మీ ఇంట్లో వరండాలో ఒక ముసలి తండ్రి కూర్చొని ఉన్నారా? పొలం అమ్మకం, మనుమరాలి పెండ్లి ఆయనకు చివరగా తెలుస్తున్నాయా? బాధ్యతలు చేతులు మారవలసిందే, అది తప్పు కాదు. కాని చెప్పకుండా మార్చకండి. ఈ రోజే ఆయన దగ్గర కూర్చొని ఒక్క మాట అడగండి.

మా బుధవారం కూడికను ఆ చెల్లెలే నడిపిస్తున్నది, చక్కగా నడిపిస్తున్నది. చివరి ప్రార్థన మాత్రం ఆ తల్లిది. మైకు లేదు. ఆ వణికే గొంతు వినడానికి అందరూ దగ్గరకు జరిగి కూర్చుంటారు.

ప్రార్థన చేసికొందము. ప్రేమగల తండ్రీ, మేము ప్రక్కకు నెట్టినవారిని నీవు చూస్తున్నావు. మా ఇండ్లలో, మా సంఘములలో ఏదీ, ఎవరూ వ్యర్థము కాకుండ మాకు కన్నులు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.