సాయం పట్టాకా, పంట వేసినవానికా?

(కలకత్తాలో తెలుగు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తుపానులో మునిగిన రైతు గోడు మిల్లు కార్మికునికెందుకని కొందరు అడుగుచున్నారు. హుగ్లీ తీరపు జూట్ మిల్లులలో పనిచేసిన తెలుగువారిలో అనేకులు శ్రీకాకుళం పల్లెల నుండి వచ్చినవారే. ఆ మిల్లులకు నార పండించి ఇచ్చేవాడు బెంగాలు రైతు. కనుక ఆ గోడు మనది కూడా.

2020 మే 20న అంఫన్ తుపాను ఈ రాష్ట్రంపై విరుచుకుపడినది. సుందరవనాలలో కట్టలు తెగి ఉప్పునీరు పొలాలను ముంచినది. తమలపాకు తోటలు నేలకొరిగినవి. రాష్ట్ర ప్రభుత్వం రైతుకు 1,500 రూపాయలు, తమలపాకు రైతుకు 5,000, కూలిన ఇంటికి 20,000 ప్రకటించినది. సొమ్ము నేరుగా ఖాతాలలో వేసినారు. కాని జాబితా రాసిన చేతులలోనే చిక్కు వచ్చినది. ఇల్లు చెక్కుచెదరనివారి పేర్లు చేరినవనీ, గూడు పోయినవారి పేర్లు లేవనీ అనేక గ్రామాలలో ఆందోళనలు రేగినవి. తీసుకున్న సొమ్మును కొందరు తిరిగి కట్టినారు. 2020 డిసెంబరులో కలకత్తా హైకోర్టు ఈ పంపిణీపై కాగ్ తనిఖీకి ఆదేశించినది. 2021 మేలో యాస్ తుపాను తరువాత, బాధితులే శిబిరాలకు వచ్చి దరఖాస్తు ఇచ్చుకునే పద్ధతి పెట్టినారు. ప్రజలు నిలదీయకుండా ఈ మార్పు వచ్చియుండేది కాదని మా విశ్వాసం.

ఇక కేంద్ర నిబంధనల మాట. పంట నష్టం 50 శాతం ఉంటేనే సాయమన్న హద్దును 2015లో 33 శాతానికి తగ్గించినారు. 2022-26 కాలానికి నిర్ణయించిన రేటు హెక్టారుకు మెట్టకు 8,500 రూపాయలు, నీటి వసతి గల భూమికి 17,000. అదియును రెండు హెక్టార్ల వరకే. మాగాణికి ఎకరాన ఏడు వేల లోపే వచ్చును. దీని పేరు పెట్టుబడి రాయితీ. అది పోయిన పంటకు వెల కాదు, మళ్ళీ విత్తుకొనుటకు చేయూత. అట్లయిన అది పెట్టుబడి పెట్టినవానికే చెందవలెను గదా!

పెట్టుబడి పెట్టినవాడెవడు? బెంగాలులో 1978లో ఆపరేషన్ బర్గా ఆరంభమై, పది లక్షలకు పైగా పాలికాపుల పేర్లు రికార్డుకెక్కినవి. రికార్డులో పేరున్నవాడు అధికారి ముందు నిలబడి అడుగగలడు. పేరు లేని కౌలుదారు ఇక్కడ సైతం వట్టి చేతులతోనే నిలుచును. ఆంధ్రలో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డునిచ్చినది. 2019 చట్టం హక్కు కార్డునిచ్చినది గాని, భూయజమాని సంతకం కావలెనన్నది. యజమాని జంకినచోట కార్డు లేదు, కార్డు లేనిచోట సాయం లేదు.

ఇక్కడ మనలను మనమే ఒక ప్రశ్న వేసికొనవలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. ఊరిలో ఎకరమో అరెకరమో పట్టా ఉన్నవారు మనలోనూ ఉన్నారు. పట్టా మన పేర, చెమట వేరొకరిది. అటువంటి భూమికి వచ్చిన సొమ్ము మన ఖాతాలో పడితే, దానిని దున్నినవానికి అందజేసినామా? సంతకం అడిగినప్పుడు, భూమి పోవునేమోనని వెనుకాడినామా? కూలి కోసం యజమానిని నిలదీసే మనం, ఊరిలో చిన్న యజమానులమై అదే పని చేయరాదు.

కనుక మేము కోరునది ఇది. నష్ట జాబితాను సొమ్ము పంచకముందే గ్రామంలో అంటించి, చదివి వినిపించవలెను. పట్టాదారు సంతకంతో నిమిత్తం లేకుండ, పొలంలో పంట వేసినవాని పేరు నమోదు చేయవలెను. పనిదినాలు పోయిన వ్యవసాయ కూలీకి వేరుగా సాయమందవలెను. చట్టం మారేవరకు మనమే సంతకం చేయుదము. ఈ పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు ఆ పని ముగించుకొని రండి. ప్రభుత్వాన్ని అడుగుటకు అప్పుడే మనకు నోరుండును.