నెత్తురిచ్చినవారికి లెక్క చెప్పాలి



ఈ విజ్ఞాన సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించమన్నప్పుడే ఏం మాట్లాడాలో నా మనసులో స్థిరపడిపోయింది. హైదరాబాదు హబ్సిగూడలో, ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది. పూర్తి పేరు సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. ఆ గోడ పక్కనుంచి రోజూ బస్సుల్లో, మెట్రోలో ఎందరో వెళుతుంటారు. లోపల జరిగే పని గురించి తెలుగులో చదువుకుందామంటే వాళ్లకు దొరికేది చాలా తక్కువ. అది నాకు బాధ.

1977లో రీజినల్ రిసెర్చ్ లాబొరేటరీలోని జీవరసాయన విభాగం నుంచి ఈ సంస్థ పుట్టింది. పుష్పమిత్ర భార్గవ దాన్ని పెంచి పెద్దచేశారు. ఇప్పటి ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. చరిత్ర ఇంతటితో ఆపుతాను. నాకు కావలసింది అక్కడి బతుకు.

పరిశోధన అనగానే మన పత్రికల్లో కనిపించేది ఫలితం ఒక్కటే. ఫలానా జన్యువు దొరికింది, ఫలానా వంగడం వచ్చింది అంటారు. మర్నాటికి ఆ వార్త పాతబడుతుంది. దాని వెనక కరిగిపోయిన ఏళ్లను ఎవరూ రాయరు. పండ్ల ఈగల మీద పనిచేసే విద్యార్థికి ఆదివారం లేదు, దసరా లేదు. ప్యూపా నుంచి బయటికొచ్చిన ఆడ ఈగల్ని దాదాపు ఎనిమిది గంటల్లోపే వేరుచేయాలి. ఆలస్యమైతే మగవాటితో కలుస్తాయి, సంకరం చెడుతుంది, తర్వాతి తరం కోసం మళ్లీ పది రోజులు కాచుకోవాలి. ఇంకొకరు డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్ పెట్టి, జెల్ రన్ చేసి, వెలుగులో చూస్తే రావలసిన చోట బ్యాండు రాదు. తప్పు ప్రైమర్లదా, ఎంజైముదా, డీఎన్‌ఏదా? ఒక్కొక్కటే మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. ల్యాబ్ మీటింగులో అందరి ముందూ నిలబడి "రాలేదు" అని చెప్పాలి. ఇంటి నుంచి ఫోనులో అమ్మ "ఇంకా ఎన్నాళ్లురా చదువు?" అంటుంది. అయిదారేళ్ల యౌవనం ఇలా గడుస్తుంది. గని మీద, మగ్గం మీద, సముద్రం మీద మనకు గొప్ప కథలున్నాయి. ఈ బల్ల దగ్గర గడిచే జీవితం మీద ఎన్ని ఉన్నాయి?

లాల్జీ సింగ్ గారి సంగతి చూడండి. పాముల్లో ఆడ, మగ తేడా ఏ క్రోమోజోము వల్ల ఏర్పడుతుందనేది ఆయన ప్రశ్న. దాన్ని వెతుకుతూ కట్లపాము జాతిలో పదేపదే వచ్చే ఒక డీఎన్‌ఏ వరుసను పట్టుకున్నారు. సీసీఎంబీకి వచ్చాక 1980ల చివర్లో అదే వరుసతో మనుషుల డీఎన్‌ఏ వేలిముద్రలు తీసే పద్ధతి సిద్ధం చేశారు. కేరళలో తలశ్శేరి కోర్టుకు వచ్చిన పితృత్వ వివాదం దాంతో తేలింది. పాముల దగ్గర మొదలుపెట్టిన రోజున ఆయనకు కోర్టు గుమ్మం ఎక్కడ కనపడింది? దేనికి పనికొస్తుందని మొదటి రోజే నిలదీసే సమాజానికి ఇలాంటి పని దక్కదు.

ఇక మన కంచంలోకి వద్దాం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరిని రైతులు బీపీటీ అంటారు. సన్న గింజ, తినడానికి రుచి, మార్కెట్లో ధర. బాక్టీరియా ఎండాకు తెగులు మాత్రం దాన్ని సులభంగా పట్టేస్తుంది. ఆ తెగులును తట్టుకునే జన్యువులు వేరే వరి రకాల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి, ఎక్స్‌ఏ 21, మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చింది. సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి మూడు జన్యువుల్ని సాంబ మసూరిలోకి తెచ్చారు. మూడింట్లో రెండు అంతర్గతమైనవి. జంటలో ఒకటే ఉంటే వాటి గుణం మొక్కలో బయటపడదు. సాంబ మసూరితో తిరిగి తిరిగి సంకరం చేసే ప్రతి తరంలోనూ ఉండేది ఆ ఒకటే. అనుభవం పండిన రైతు కన్ను కూడా ఆ మొక్కను ఏరలేదు. నారు నుంచి ఆకు ముక్క తుంచి, డీఎన్‌ఏ తీసి, జన్యువు జాడ చెప్పే మార్కర్లతో చూసి, ఉన్నవాటిని ఉంచి లేనివాటిని పీకేయాలి. చివరికి తెగులు కలిగించే బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకుల కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలయ్యాక ఎండు ఎంత కిందికి దిగిందో స్కేలు పెట్టి కొలుస్తారు. అలా మెరుగుపడిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇది సంకరంతో వచ్చిన వంగడం, జన్యుమార్పిడి పంట కాదు. ఈ తేడా పొలం గట్టు మీద తెలియాలి. గట్టు మీద మాట్లాడేది తెలుగు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది మరొకటి. సీసీఎంబీలో తంగరాజ్ గారు, మరికొందరు దేశ విదేశాల శాస్త్రవేత్తలతో కలిసి మన జనసమూహాల డీఎన్‌ఏ చదివారు. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, వేల ఏళ్లుగా తమలో తాము మాత్రమే పెళ్లి చేసుకుంటూ వచ్చిన కులాల్లో కొన్ని అరుదైన జన్యులోపాలు తరచుగా కనిపిస్తాయని చూపారు. తెలుగునాట వైశ్యులు అందుకొక ఉదాహరణ. వారిలో ఒక ఎంజైము లోపం తరచుగా కనిపిస్తుంది. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరిచే ఆ ఎంజైము లోపించినవారిలో అది చాలాసేపు నిలుస్తుంది, ఊపిరి సొంతంగా తీసుకోలేరు. ముందే తెలిస్తే మందు మారుస్తారు, ప్రాణానికి భయం లేదు. ఇందులో ఏ కులానికీ చిన్నతనం లేదు. తమలో తామే పెళ్లి చేసుకునే ఆనవాయితీ ఎక్కడున్నా ఏదో ఒక లోపం ఇలాగే పోగుపడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అనగానే "మా కుటుంబంలో మత్తుతో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?" అని తలచుకుని డాక్టరుకు చెప్పాలి. ఈ సంగతి ఇంగ్లీషు జర్నల్లో ఉంది. తెలియాల్సిన అమ్మమ్మ చదివేది తెలుగు.

ఆ పరిశోధనలకు నెత్తురు ఇచ్చింది మామూలు మనుషులు. కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టి చెయ్యి చాపారు. మన పన్నులతో ఆ నమూనాలు దాచిన ఫ్రీజర్లు మైనస్ 80 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. ఇచ్చినవాడికి లెక్క చెప్పడం కనీస ధర్మం. ఆ లెక్క వాడి భాషలో లేకపోతే చెప్పినట్టు కాదు. కొడవటిగంటి రోహిణీప్రసాద్, మహీధర నళినీమోహన్, వేమూరి వేంకటేశ్వరరావు వంటివారు తెలుగులో ఎంత కఠినమైన విజ్ఞానాన్నయినా హాయిగా చెప్పవచ్చని రాసి చూపించారు. కనుక చేతకాదనే సాకు మనకు మిగల్లేదు.

అందుకే ఈ సభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను. తెలుగు తెలిసిన ప్రతి పరిశోధక విద్యార్థీ తన సిద్ధాంత గ్రంథంతో పాటు తాను చేసిన పనిని నాలుగు పేజీల తెలుగులో రాయాలి. కుదరని ప్రయోగాలూ అందులో ఉండాలి. పత్రికా సంపాదకులు వాటికి చోటివ్వాలి. కథకులు, నవలాకారులు ప్రయోగశాలల్లోకి వెళ్లాలి, అక్కడివారితో కూర్చోవాలి, వాళ్ల బతుకు రాయాలి. సదస్సు ముగిసేలోగా వీటిని తీర్మానంగా ఆమోదించి, మన విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ పంపవలసిందిగా కోరుతున్నాను.