అప్పు నేరం కాదు, బెదిరింపు నేరం
(ఒంగోలులో వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు ఆసామి దగ్గర నాలుగు గింజలు అప్పు తెచ్చుకుంటే ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునేవాళ్లు. ఆ పైన అంకె ఆసామి ఇష్టం. తాత పాలేరు, తండ్రి పాలేరు, కొడుకూ పాలేరే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి అట్టాంటి అప్పులు చెల్లవంది. కానీ చట్టం దానంతటది పల్లెలోకి నడిచి రాలేదు. జనం కదిలి అడిగిన చోటికే వచ్చింది.

ఇప్పుడు ఆ ప్రోనోటు సెల్‌ఫోన్లోకొచ్చింది. మిరప కోతలు అయిపోయి, పత్తితీత లేక చేతిలో పైసా ఆడని రోజున బిడ్డకు జ్వరమొస్తే ఎవర్ని అడగాలి? బ్యాంకువాళ్లు పాస్‌బుక్కు అడుగుతారు. లోన్ యాప్ ఏమీ అడగదు, ఒక్క బటన్ నొక్కమంటుంది. ఆ నొక్కుడే నేటి వేలిముద్ర. దాంతో మన ఫోన్లోని నంబర్లు, ఫొటోలు వాడి చేతికి పోతాయి. వాడికి తాకట్టు మన పరువు.

లెక్క చూడండి. 5,000 అప్పని రాసుకుని, ఫీజుల కింద కోసి చేతికి 3,000 వేశాడనుకోండి. ఏడో రోజుకి 5,000 కట్టమంటాడు. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయలంటేనే గుండె జారుతుంది. ఇది నూటికి వారానికి 66 రూపాయలు! కట్టలేకపోతే ఇంకో యాప్ చూపిస్తారు. ఆ తర్వాత ఇంటి ఆడవాళ్ల ఫొటోలు బూతుబొమ్మలుగా మార్చి చుట్టాలకు పంపుతారు.

2015లో విజయవాడలో కాల్‌మనీ దారుణాలు బయటపడ్డాయి. 2020 చివర్లో తెలంగాణలో యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాయి. పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. అరెస్టయినవాళ్లలో చైనా దేశస్తులూ ఉన్నారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో భార్యాభర్తలిద్దరూ చిన్నపిల్లల్ని వదిలేసి పోయారు. 2024 డిసెంబరులో విశాఖపట్నంలో కొత్తగా పెళ్లయిన మత్స్యకార యువకుడు, భార్య ఫొటో మార్చి పంపితే తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు.

"కట్టకపోతే పోలీసులొచ్చి జైల్లో వేస్తారు" అని వాడు ఫోన్లో అరుస్తాడు. పచ్చి అబద్ధం. మోసం చేద్దామని తీసుకుంటే వేరే సంగతి. లేక కట్టలేకపోవడం సివిల్ తగాదా, అది కోర్టులో తేలుతుంది. నేరం చేస్తన్నది వాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, బెదిరించి డబ్బు గుంజితే 308 సెక్షన్, భయపెడితే 351, ఆత్మహత్యకు పురికొల్పితే 108. బూతుబొమ్మలు పంపితే ఐటీ చట్టం 67. కులం పేరు పెట్టి తిట్టి పదిమందికీ పంపితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాట కూడా ఫిర్యాదులో రాయండి.

2022లోనే రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పు యాప్ మన నంబర్లు, ఫొటోలు ముట్టుకోకూడదు. బాకీ కోసం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థల యాప్‌ల జాబితా 2025 జూలై నుంచి దాని వెబ్‌సైట్లో ఉంది. తీసుకునే ముందు చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

వేధింపు మొదలైతే మెసేజీలు చెరపొద్దు. వాడి నంబర్లు, డబ్బు పోయిన ఖాతా వివరాలు దాచండి. 1930కి ఫోన్ చేయండి. స్టేషన్లో "తీసుకున్నావుగా, కట్టు" అని పంపేస్తే ఊరుకోవద్దు. ఇట్టాంటి నేరం ఎక్కడ జరిగినా, మీరు వెళ్లిన స్టేషన్లోనే ఫిర్యాదు రాసుకోవాలని నాగరిక సురక్షా సంహిత 173 సెక్షన్ చెప్తోంది. రాసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు. ఒంటరిగా పోవద్దు, పదిమంది కలిసి పోండి.

చివరిగా ఒక్క మాట. ఆ బొమ్మ మీ ఫోన్‌కొస్తే ఏం చేస్తారు? నవ్వుకుని ఇంకొకరికి పంపితే యాప్‌వాడికి కూలి లేకుండా పనిచేసినట్టే. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమే వాడి కత్తి. ఆ నలుగురం మనమేగా! బొమ్మ వచ్చిన పూటే ఆ ఇంటికి వెళ్లండి. "అమ్మా, అది అబద్ధమని మాకు తెలుసు, పద స్టేషన్‌కి" అనండి. దిగులుతో ఉన్నవాళ్లను ఒంటరిగా వదలొద్దు, 14416కి ఫోన్ చేయించండి.

పల్లె మొత్తం పక్కన నిలబడిన రోజున వాడి తాకట్టు చెల్లదు.

జై భీమ్!