తేనీటివేళకు తీపిరొట్టె

తేనీరు తెలుగుదేశమున ఇంటింట ప్రవేశించినది. కాని ఆంగ్లేయులు దానికి తోడుగా ఉంచుకొన్న తీపిరొట్టె మాత్రము మన వంటయింటి గడప దాటలేదు. బన్ను అను పేరుతో అంగడి గాజుసీసాలోనే నిలిచిపోయినది. దానిని ఇంట చేసికొనవచ్చునని చెప్పినచో, “అది బేకరీవారి విద్య కదా” యని చప్పరించుదురు. ఆ మాటలో నిజమెంత యున్నదో నేడు కొంత విచారింతము.

ముందుగా ఆ రొట్టె ఏదో చెప్పవలెను. ఇంగ్లండు ఉత్తరభాగమున టీకేకు అని పిలుచునది పేరునకే కేకు. వాస్తవముగా అది ఈస్టుతో పొంగించిన గుండ్రని చదునైన రొట్టె. అందు ఎండుద్రాక్ష చేర్తురు. అడ్డముగా రెండు చెక్కలు కోసి, నిప్పుసెగను కాచి, వేడి తగ్గకముందే వెన్న రాసి తిందురు. బాత్ నగరపు శాలీ లన్, లండనులోని చెల్సీ బన్, కార్నువాల్ సీమలోని కుంకుమపువ్వు బన్ను, గుడ్ ఫ్రైడేనాటి సిలువగుర్తు బన్ను, ఇవన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. పొరుగున వేల్సు దేశీయులు తమ రొట్టెను బారా బ్రిత్ అందురు. మచ్చలరొట్టె యని దాని యర్థము.

1843లో బర్మింగ్‌హాములో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవర్తకుడు, తన భార్యకు ఈస్టు పడకపోవుటచే, బేకింగ్ పౌడరును తయారుచేసెను. భార్యమీది ఆపేక్ష లోకమునకంతకు ఉపకరించినది. అయితే నాటినుండి తొందరపనికి అలవాటుపడిన చేతులు నిదానముగా పొంగు పిండికి దూరమైనవి. నేడు టీ బ్రెడ్ అను పేర పౌడరుతో చేసినవియు చెల్లుచున్నవి. అవి రుచిగా ఉండవని కాదు. ఈస్టు రొట్టెకు గల కమ్మని వాసనయు, సాగుడు గుణమును వానికి రావు.

పూర్వము ఇంగ్లండు ఇల్లాండ్రు ఈస్టును పొట్లములలో కొని యెరుగరు. బీరు కాచువారి తొట్లపై తేలిన నురుగును పాత్రలో తెచ్చుకొని పిండిలో కలుపుకొనెడివారు. మన దేశమున గోవా రొట్టెలవారు ఆ పనికి కొబ్బరికల్లును వాడిరి. కేరళమున అప్పముల పిండియు కల్లుతో పొంగెడిది. గోదావరి మండలమున తాటిచెట్టునకు కొదవ ఏమున్నది? బీరుతొట్టిలోను కల్లుకుండలోను తీపిని మార్చివేయునది ముఖ్యముగా ఒకే జాతి సూక్ష్మజీవి. అది ప్రాణముగల వస్తువనియు, పులియుట దాని జీవనవ్యాపారమే యనియు 1857నుండి పాశ్చరు పండితుడు చేసిన పరిశోధనలు స్థిరపరచినవి.

కాని కల్లుకు మన యిండ్లలో రెండు అడ్డంకులు. ఒకటి చట్టము. 1937లో మద్రాసు ప్రభుత్వము మద్యనిషేధ చట్టము చేసి, సేలం జిల్లాతో ఆరంభించి, 1948 నాటికి రాష్ట్రమంతట అమలుపరచినది. ఆనాడు రొట్టెకొరకైనను కల్లుముంత ఇంటికి తెచ్చుట నేరము. రెండవది ఆచారము. చట్టము సడలిన వెనుకను కల్లనగానే గడప తొక్కనీయని యిండ్లు అనేకము. వారిని మేము తప్పుపట్టము. పొడి ఈస్టు వచ్చిన తరువాత ఆ చిక్కు తీరినది. ఇక గ్రుడ్డు సంగతి. టీకేకునకు గ్రుడ్డు ఆవశ్యకము కాదు. పాలు, వెన్న చాలును. శాకాహారుల వంటయింట దీనికి ఏ ప్రతిబంధకమును లేదు.

తునికి ఈ రొట్టె జాతితో పరిచయము కొత్తది కాదు. డెల్టా కాలువలను దాటి, తాండవనది యొడ్డున, తమలపాకులకును మామిడిపండ్లకును పేరుపడిన ఈ ఊరికి 1878లో కెనడా బాప్టిస్టు మిషనరీ కర్రీ దొర వచ్చి నివసించెను. గోధుమరొట్టె దినభోజనమైన దేశమువారికి వరిపొలముల మధ్య కాపురము ఎట్లుండునో ఊహింపవచ్చును. 1893–96 సంవత్సరముల మధ్య బెజవాడనుండి కటకమువరకు రైలుమార్గము తెరచిరి. ఆ దారిలో తునియు ఒక స్టేషనైనది. 1956లో అమెరికాతో కుదిరిన ఒప్పందమువలన గోధుమలు ఓడలకొలది మన దేశమునకు వచ్చినవి. 1965లో కేంద్రప్రభుత్వము మోడరన్ బేకరీస్ సంస్థను స్థాపించి రొట్టెను నగరవాసుల నిత్యావసరముగా చేయబూనినది. రొట్టె చౌకగా దొరకినకొలది ఇంట చేయవలెనను తలంపు ఎవరికిని కలుగలేదు. ఈ ప్రాంతపు క్రైస్తవ గృహములలో క్రిస్మసునకు అరిసెలును కేకును ఒకే పళ్లెమున పెట్టుదురు. అరిసెకు పాకము ఇంట పట్టుదురు; కేకు మాత్రము అంగడినుండి వచ్చును! పాకము ముదురును లేతను వ్రేలికొనతో కనిపెట్టగల చేతికి రొట్టెపిండి అసాధ్యమని మేము నమ్మజాలము.

ఇప్పుడు పని చూతము. అరకిలో మైదా, ఒక చెంచా ఉప్పు, అరువది గ్రాముల పంచదార, అంతే వెన్న, ఏడు గ్రాముల పొడి ఈస్టు, పావులీటరుకు కొంచెము మించి పాలు, వంద గ్రాముల ఎండుద్రాక్ష కావలెను. పాలు కాచి గోరువెచ్చగా చల్లార్చవలెను. వ్రేలు పెట్టినచో చురుక్కుమను పాలలో ఈస్టు చచ్చును. చచ్చిన ఈస్టును ఏ వంటకత్తెయు బ్రతికింపజాలదు. పంచదార పిండిలో పదియవవంతు మించినచో ఈస్టు మందగించును. తీపిరొట్టె యనగానే గుప్పెళ్లతో పంచదార పోయుట మనవారి అలవాటు. పొంగని రొట్టెకు చాలవరకు అదియే హేతువు. దాల్చినచెక్కయు ఈస్టునకు హితము కాదు, చిటికెడు చాలును. జాజికాయ, యాలకులు మన ఇష్టము.

పిండిని మొదట వెన్న లేకుండ కలిపి, ముద్ద కట్టిన తరువాత వెన్నను కొంచెము కొంచెముగా చేర్చి, పది నిమిషములు మర్దింపవలెను. పూరీపిండివలె గట్టిగా నుండరాదు, చేతికి అంటీఅంటనట్లుండవలెను. తునికి సముద్రము చేరువ. వానకారున మైదా గాలిలోని తేమను పీల్చుకొని యుండును గనుక పాలన్నియు ఒక్కమారు పోయక చూచుకొనుచు పోయవలెను. ద్రాక్ష చివర చేర్పవలెను. ముందే వేసినచో నలిగి పిండి నల్లబడును.

పొంగు కాలమును గడియారము చెప్పదు. ఇంగ్లీషు పుస్తకములలో వెచ్చని చోట ఉంచుమని వ్రాసియుండును. మన వైశాఖమున వెచ్చనిచోటు కాదు, చల్లనిచోటు వెదుకవలెను! ఎండకాలము గంట గడువకముందే పిండి రెండింతలై, ఉపేక్షించినచో పులుపువాసన కొట్టును. పుష్యమాసమున గంటన్నర, రెండు గంటలు పట్టవచ్చును. ఇడ్లీపిండికి చలికాలమున కంబళి కప్పి, వేసవిలో నీళ్లపళ్లెమున గిన్నె నుంచు ఇల్లాలికి ఇది వేరే నేర్పవలెనా? ఆ పిండి పొంగించునది వేరుజాతి జీవియే. దానిని కనిపెట్టు కన్ను మాత్రము ఒకటే. వ్రేలితో నొక్కిన గుంట మెల్లగా సగము పూడినచో పిండి సిద్ధమని గుర్తు. అప్పుడు గాలి తీసి, ఎనిమిది ఉండలు చేసి, కొంచెము అదిమి, మరల అరగంటకు పైగా పొంగనీయవలెను.

ఓవెను లేదనుట పెద్ద ఆక్షేపణ. గోదావరి జిల్లాల దిబ్బరొట్టెను మరచితిమా? మందపాటి ఇనుపపాత్రలో పిండి పోసి, క్రింద సన్నని సెగయు, మూతపై నిప్పులును ఉంచి కాల్చెడివారు. క్రిందను మీదను వేడి తగులుటయే ఓవెను రహస్యము. దళసరి డేగిసాలో అంగుళమెత్తు పొడి ఇసుక పోసి, అందు చిన్న ముక్కాలిపీట నుంచి, మూతవేసి పావుగంట కాచి, రొట్టెల పళ్లెమును దానిపై దింపవలెను. ప్రెషర్‌కుక్కరు వాడువారు రబ్బరు గాస్కెట్టును, విజిలును తప్పక తీసివేయవలెను. మూతపై నిప్పులు లేనిచో అడుగు ఎర్రబడి పైభాగము తెల్లగా నుండును. చివర పెనముపై ఒక్క నిమిషము బోర్లించినచో సరిపోవును. ఓవెను గలవారు నూటతొంబది డిగ్రీల వేడిలో పదునైదు, ఇరువది నిమిషములు ఉంచవలెను. ఇసుకపాత్రలో ఇంకను కొంత ఆలస్యమగును. అడుగున వ్రేలితో తట్టినప్పుడు డొల్లశబ్దము వచ్చినచో రొట్టె కాలినది. దింపిన వెంటనే పాలలో పంచదార కరగించి పైన పూయవలెను.

ఒకటి మాత్రము ఖండితముగా చెప్పవలసియున్నది: దుకాణపు బన్నువలె ఇది వారముదాక మెత్తగా నిలువదు. ఆ మెత్తదనమునకు కారణమైన కలుపుళ్లు మన యింట లేవు. మరునాటికి కొంచెము గట్టిపడును. అప్పుడే దానిని రెండు చెక్కలు చేసి పెనముపై కాచి వెన్న రాయవలెను. పలువురు తొలినాటికంటె ఆనాటి రుచినే మెచ్చుకొందురు. మూడవనాటికి మిగిలినచో ముక్కలు త్రుంచి, కాచిన పాలలో నానవేసి, బెల్లము తురిమి పిల్లలకు పెట్టవచ్చును.